అయితదా, కాదా?

మనం చదువుకున్న బడిలో సైన్సుకు ఒక చెక్క బీరువా ఉండేది, అందులో కొన్ని పరీక్షనాళికలు. లెక్కలకు అదీ లేదు. అయినా హనుమకొండ–పరకాల రోడ్డు మీది బళ్లన్నింటిలో లెక్కల సామాను మనకే ఎక్కువని నా నమ్మకం. అదంతా తెగిపోయిన హవాయి చెప్పులతో, సైకిల్ పుల్లలతో, అట్టడబ్బాలతో మేం చేసుకున్నదే.

చెప్పుల్ని కోసి బండి చక్రాలు చేయడం ఊళ్లో ప్రతి పిల్లగానికీ వచ్చిన విద్యే. లెక్కల సారు ఆ చక్రాలనే ఒకదానికంటే ఒకటి చిన్నగా ఐదు కోయించారు. చెక్కకు దిగ్గొట్టిన మూడు పుల్లల్లో మొదటిదానికి వాటిని గుచ్చించారు. ఒకసారి ఒక్కటే తీయాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టొద్దు, అన్నీ మూడో పుల్లకు చేరాలి. దీన్ని హనోయి టవర్ అంటారని, 1883లో ఎడువార్ లూకా అనే ఫ్రెంచి గణితవేత్త బయటపెట్టాడని చాలా తర్వాత తెలిసింది. మాకది చెప్పులాట. మూడు చక్రాలకు తక్కువలో తక్కువ 7 ఎత్తులు, నాలుగింటికి 15, ఐదింటికి 31. ఆరోది కోయకముందే 63 అని అరిచాం.

“ఎట్ల తెలిసిందిరా?”

“రెట్టింపు చేసి ఒకటి కలిపినం సారూ.”

“రెట్టింపు ఎందుకు?”

అక్కడ నోళ్లు మూతపడ్డాయి. మళ్లీ ఆడితే తెలిసింది. అడుగున ఉన్న పెద్దది కదలాలంటే పైవన్నీ ఒకసారి పక్కకు పోవాలి, అది కదిలాక అన్నీ మళ్లీ దాని మీదికి రావాలి. ఆ కలిపే ఒకటి పెద్దదాని ఎత్తు. ఇంటర్లో గణితానుగమనం (ఒక మెట్టు నిజమైతే తర్వాతి మెట్టూ నిజమని చూపే పద్ధతి) పాఠం వచ్చినప్పుడు హాస్టల్లో అందరికీ టెన్షన్, నాకు మాత్రం చెప్పులు కనబడ్డాయి.

సారు నియమం ఒకటుండేది: ముట్టుకునేవాడు మాట్లాడొద్దు, మాట్లాడేవాడు ముట్టొద్దు. “అగో, అది ఇటు పెట్టు” అంటే చక్రం పట్టుకున్నవాడు కదలడు. పుల్లలకు నంబర్లు పెట్టుకుని, “రెండోదాని మీదిది మూడోదానికి” అని చెప్పాల్సిందే. చురుకైనవాడు సామాను లాక్కుని తానే చేసేసుకోవడం దాంతో బందైంది. నేనిప్పుడు మహబూబాబాద్ జిల్లాలో లెక్కలు చెప్తున్నాను. ఆ నియమం లేకుండా పిల్లల చేతికి ఏ పజిలూ ఇవ్వను.

పులి, మేక, గడ్డిమోపు పడవలో ఏరు దాటే లెక్కను వేషాలు కట్టించి ఆడించిన సంగతి ఎక్కువ రాయను. మేక వేషం వేసినవాడు ఈ సంచిక సంపాదకవర్గంలో ఉన్నాడు.

అన్నింటికన్నా మమ్మల్ని సతాయించింది వరండా గచ్చు మీది గళ్లు. సారు సుద్దతో ఎనిమిదికి ఎనిమిది గళ్లు గీసి, ఐమూలగా ఎదురెదురుగా ఉన్న రెండు మూలల్లో ఒక్కో గడి కొట్టేశారు. మిగిలినవి 62. ఒక్కోటి రెండు గళ్లు కప్పే అట్టముక్కలు 31 ఇచ్చి, మొత్తం కప్పమన్నారు. లెక్క సరిపోయింది కదా అని కూర్చున్నాం. ఎట్లా పేర్చినా చివరికి రెండు గళ్లు మిగిలేవి, అవి ఒకదాని పక్కన ఒకటి ఉండేవి కావు. ఒకడు కోపమొచ్చి ఆఖరి ముక్కను కత్తిరించబోయాడు.

మర్నాడు మా తరగతి ఆడపిల్ల ఒకామె లేచి, “ఇది కాదు సారూ” అంది.

“నీకు చాతనైతలేదా బిడ్డా, ఎవ్వరికీ చాతకాదా?”

ఆ రెండింటికీ తేడా ఉంటుందని అప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు. పుస్తకంలో ప్రతి లెక్కకూ వెనక పేజీల్లో జవాబుండేది మరి. సారు బొగ్గుముక్కలిచ్చి, గడి విడిచి గడి నలుపు చేయమన్నారు. సగం గళ్లు నిండకముందే ఆమెకే తట్టింది. కొట్టేసిన మూలలు రెండూ తెల్లవి. అంటే మిగిలినవి నల్లవి 32, తెల్లవి 30. ఏ అట్టముక్కైనా ఒక నల్లగడినీ ఒక తెల్లగడినీ కప్పుతుంది తప్ప ఒకే రంగువి రెండు కప్పలేదు. ముక్కలు ఎట్లా తిప్పినా రెండు నల్లగళ్లు మిగలాల్సిందే. అవి పక్కపక్కన ఎందుకు రాలేదో కూడా అప్పుడే అర్థమైంది. ఇక ఎవ్వరం మళ్లీ పేర్చి చూడలేదు.

సారు జవాబు తొందరగా చెప్పేసి ఉంటే అదొక బిట్టు అయ్యేది, అంతే. ఇప్పుడు చాలాచోట్ల జరిగేది అదే. రంగురంగుల ప్లాస్టిక్ కిట్లు వస్తాయి, ఇన్స్పెక్షన్ రోజు బయటికి తీస్తారు, సారే ఆడి చూపిస్తారు, మళ్లీ తాళం.

మన పూర్వ విద్యార్థుల సంఘం బడికి పజిల్ సామాను కొనిస్తుందని విన్నాను. కొనొద్దు, పిల్లలతోనే చేయిద్దాం. ఆ డబ్బు గ్రంథాలయానికి పెట్టండి. మనం అడగాల్సింది ఆరు, ఏడు తరగతులకు వారానికొక పీరియడ్. వచ్చే నెల హెడ్మాస్టర్ గారిని కలిసేవాళ్లతో నేనూ వస్తాను. పదో తరగతికి మాత్రం అడగొద్దు, ఇవ్వరు.