ఆకులు, కొమ్మలు, నా ఉద్యోగం

ఇంగ్లండ్‌లో నేను పనిచేసేది ఒక కంపోస్టు యార్డులో. ఇళ్ల పెరళ్లలో కోసిన గడ్డి, రాలిన ఆకులు, కత్తిరించిన కొమ్మలు లారీల్లో మా యార్డుకు వస్తాయి. కొన్ని వారాల తరవాత అవే ఎరువై పొలాలకూ నర్సరీలకూ వెళ్తాయి. బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివి, ఇంగ్లండ్‌లో మాస్టర్స్ చేసి, ఈ ఉద్యోగంలో చేరాను. సెలవు మీద గుంటూరు వచ్చినప్పుడల్లా ఈ పని గురించి చెప్పడం కష్టమవుతుంది. "అంత డబ్బు పోసి చదివి చెత్త పనేంటే?" అని మా పెద్దమ్మ మొహం మీదే అడిగింది. ఇంకెవరైనా అడిగితే అమ్మ "వ్యవసాయం లైన్లోనేనండీ" అని మాట మార్చేది. వాళ్లని నేను తప్పు పట్టను. చెత్త పని చేసేవాళ్లకి మన దగ్గర దొరికే జీతం, మర్యాద చూసిన ఏ తల్లయినా కూతురికి ఆ పని వద్దనే అంటుంది. నాకు మాత్రం చేసేకొద్దీ ఈ పని మీద గౌరవం పెరిగింది. ఎందుకో చెప్పాలనే రాస్తున్నాను.

లారీ రాగానే కాటా వేసి, సరుకు నేల మీద పోయిస్తాం. మొదటి పని చేత్తో ఏరడం. ప్లాస్టిక్ పూలకుండీలు, నీళ్ల పైపు ముక్కలు, రంగేసిన చెక్కలు, కవర్లు, ఒక్కోసారి పిల్లల బొమ్మలు కూడా వస్తాయి. ఏరిన తరవాత పెద్ద యంత్రంలో వేసి నలగ్గొట్టి, మనిషి ఎత్తు దాటే పొడవాటి వరసలుగా పోస్తాం. అక్కణ్ణుంచి పనంతా సూక్ష్మజీవులదే. వాటికి గాలి, తడి అందేలా చూడటం మా వంతు. పొడుగాటి ఇనప కడ్డీ ఉన్న థర్మామీటరు కుప్ప లోపలికి గుచ్చి వేడి చూస్తాం. పీఏఎస్ 100 అనే బ్రిటిష్ ప్రమాణం సూచించేదేమిటంటే, లోపలి వేడి కనీసం ఏడు రోజులు 65 డిగ్రీలకు తగ్గకూడదు, ఆ వ్యవధిలో కుప్పని రెండుసార్లయినా తిరగెయ్యాలి. ఆ వేడికి రోగాలు తెచ్చే క్రిములు, కలుపు గింజలు చస్తాయి. బయట గడ్డకట్టే చలిలో కూడా కుప్ప తిరగేస్తుంటే దట్టంగా ఆవిరి లేస్తుంది. ఆవిరితో పాటు బూజు రేణువులూ లేస్తాయి, అవి ఊపిరితిత్తులకు మంచివి కావు. అందుకే గాలి వడపోసే క్యాబిన్‌లో కూర్చుని లోడర్ నడుపుతాం, కిందికి దిగితే మాస్కు పెట్టుకోవాల్సిందే.

ఏ నెలకు ఆ నెల సరుకు మారిపోతుంది. మే, జూన్‌లలో అంతా పచ్చగడ్డే. అందులో తడి ఎక్కువ, నత్రజని ఎక్కువ. దాన్ని అలాగే కుప్ప పోస్తే గాలాడక కుళ్లిపోయి అమ్మోనియా కంపు కొడుతుంది. అప్పుడు కొమ్మల తునకలు ఎక్కువ కలుపుతాం. అక్టోబరు, నవంబరుల్లో ఎండుటాకులు. జనవరి 6 దాటిందంటే పండగకి ఇళ్లలో పెట్టుకున్న క్రిస్మస్ చెట్లు వచ్చి పడతాయి. కర్బనం ఎక్కువున్న ఎండు సరుకు ఎంత, నత్రజని ఉన్న పచ్చి సరుకు ఎంత కలపాలి అన్నదే ఇందులో అసలు విద్య. నత్రజని ఒక పాలుంటే కర్బనం ఇరవై అయిదు, ముప్పై పాళ్లు ఉండాలని పుస్తకాల్లో చదువుకున్నాం. యార్డులో కొన్నాళ్లు పనిచేస్తే గుప్పెట్లో పిసికి చూసి, వాసన చూసి చెప్పగలుగుతాం.

తయారైన ఎరువుని జల్లెడ పట్టి ల్యాబుకి పంపుతాం. వంద కిలోల పొడి కంపోస్టులో రెండు మిల్లీమీటర్లు దాటిన ప్లాస్టిక్ ముక్కలన్నీ కలిపి 120 గ్రాములకు మించకూడదు. అందులో టమాటా గింజలు మొలకెత్తించి, మొక్క ఎలా పెరుగుతోందో కూడా చూస్తారు. ఇంటివాళ్లు చల్లిన కొన్ని రకాల కలుపు మందులు కంపోస్టయ్యాక కూడా మిగిలి ఉండి టమాటా, చిక్కుడు జాతి మొక్కల్ని దెబ్బతీస్తాయి. ఆ పరీక్షల రిపోర్టు వచ్చేదాకా నాకు టెన్షనే.

శిక్షణలో మొదట చెప్పిన కంపోస్టు విధానాల్లో, మధ్యప్రదేశ్‌లోని ఇండోర్ నగరం పేరున్న ఇండోర్ పద్ధతి ఒకటి. ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో పనిచేస్తూ, పేడ, ఆకూ అలమూ, పైరు వ్యర్థాలు పొరలుగా వేసి తిరగేసే విధానాన్ని ఒక క్రమంలో పెట్టాడు. మన రైతులు చేసేది చూశాడు, చైనా రైతుల పద్ధతులూ తెలుసుకున్నాడు. ఇంగ్లండ్ వెళ్లి ఇండోర్ పేరు వినగానే నాకు గర్వంతో పాటు బాధ కూడా కలిగింది. బాపట్లలో ఇదీ, 1939లో ఆచార్య అనే శాస్త్రవేత్త రూపొందించిన బెంగళూరు పద్ధతీ పరీక్ష కోసం చదివాం. తెనాలి పక్క పల్లెలో మా తాతగారు వాటి పేర్లు కూడా వినలేదు గానీ, పశువుల కొట్టం పక్కన పెంట దిబ్బ ఉండేది, వాకిలి ఊడ్చిన ఆకంతా అందులోకే పోయేది. ఎండాకాలంలో బళ్లకెత్తి పొలానికి తోలేవారు. ఒక్క తరంలో ఆ ఇంటి మనుషులమే పట్నం వచ్చి అదే ఆకుకి అగ్గిపుల్ల గీస్తున్నాం.

గుంటూరులో మా ఇల్లు విద్యానగర్ వైపు. వేప, కానుగ, బాదం, నిద్రగన్నేరు చెట్లున్న వీధి. శీతాకాలం చివర ఆకు రాలడం మొదలైతే పొద్దున్నే ప్రతి మలుపులోనూ ఒక మంట. మంచులో తడిసిన ఆకు సరిగ్గా మండదు, గంటల తరబడి రగులుతూనే ఉంటుంది. అలా రగిలే ఆకుల నుంచే కార్బన్ మోనాక్సైడు, ఊపిరితిత్తుల లోతుకు చేరే సన్నటి రేణువులు ఎక్కువగా వస్తాయి. మా నాన్నకి ఆస్తమా. ఆ నెలల్లో కిటికీలు మూసుకుని కూర్చుంటారు. భోగి మంటలకి నేను వ్యతిరేకిని కాను, అది ఏడాదికి ఒక పొద్దు. నా బాధంతా రోజూ పెట్టే ఈ మంట గురించే.

వీధి ఊడ్చే అక్కని అడిగాను, "ఎందుకక్కా తగలబెట్టడం?" అని. చీపురు పక్కన పెట్టి తిన్నగా సమాధానం చెప్పింది. "ఏం చెయ్యమంటావమ్మా? బండిలో వేస్తే ఆకుతోనే నిండిపోద్ది, డ్రైవర్ ఒప్పుకోడు. ఇక్కడే కుప్ప పెడితే ఆ ఇంటోళ్లు ఊరుకోరు. కాలవలో వేస్తే పూడిపోద్ది. నువ్వే చెప్పు ఎక్కడ పెట్టనో." ఆమె మాటలో తప్పేమీ లేదు. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు తోట వ్యర్థాల్ని ఇంటివాళ్లు తమ ఆవరణలోనే విడిగా ఉంచాలనీ, వీధులు ఊడ్చేవాళ్లు ఆకుల్ని కాల్చకుండా విడిగా పెట్టి అప్పగించాలనీ చెప్పాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో అయితే 25,000 రూపాయలు జరిమానా అని చెప్పింది. మాట బాగానే ఉంది. విడిగా పెట్టిన ఆకుని ఎవరు, ఏ బండిలో, ఎక్కడికి తీసుకెళ్లాలో ఆ వీధిలో తేలకపోతే జరిమానా భయం చివరికి ఆ అక్క మీదే పడుతుంది.

ఇంగ్లండ్‌వాళ్లు మనకంటే బుద్ధిమంతులనీ, అందుకే శుభ్రంగా ఉంటారనీ మన బంధువులు చాలామంది అనుకుంటారు. పదేపదే ప్లాస్టిక్ ఏరే మనిషిగా చెప్తున్నాను, అది నిజం కాదు. తేడా అంతా ఏర్పాటులో ఉంది. అక్కడ తోట వ్యర్థాలకి వేరే బిన్ను ఉంటుంది, దాన్ని ఎత్తుకెళ్లే లారీ వేరే ఉంటుంది. చాలా చోట్ల ఈ సర్వీసుకి ఇంటివాళ్లు ఏడాదికోసారి డబ్బు కడతారు. ఆ బిన్నులో ప్లాస్టిక్ కవరు కనిపిస్తే ఎత్తకుండా వదిలేసి వెళ్తారు. ఇంటి గేటు దగ్గర విడిగా ఉన్నంతసేపూ ఆకు శుభ్రమైన ముడిసరుకే. ఒక్క డైపరు, ఒక్క కూరగాయల కవరు కలిసిందంటే ఎంత ఖరీదైన యంత్రం తెచ్చినా దాన్ని పూర్తిగా బాగుచెయ్యలేం. నా ఉద్యోగం నాకు నేర్పిన అన్నిటికంటే పెద్ద సంగతి ఇదే.

మన దగ్గర ఆకు మంచి ఎరువుకు పనికొచ్చే సరుకు, పైగా దాన్ని కొనేవాళ్లూ ఉన్నారు. గుంటూరు, విజయవాడల్లో ఇప్పుడు ఏ వీధిలో చూసినా మిద్దె తోటలు. వర్మీకంపోస్టు సంచులు, కోకోపిట్ ఇటుకలు డబ్బు పెట్టి కొంటున్నారు. మేడ మీద కొన్న ఎరువు, మేడ కింద మండే ఆకు. రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం నడిపించే రైతు సాధికార సంస్థ కార్యాలయం గుంటూరులోనే ఉంది. నేలని ఆకుతో, గడ్డితో కప్పి ఉంచే ఆచ్ఛాదన ఆ పద్ధతిలో ముఖ్యమైన భాగం. 2024లో పోర్చుగల్‌లోని ఒక ఫౌండేషన్ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి అందుకున్న వాళ్లలో ఆ కార్యక్రమమూ ఉంది. ఇంత దగ్గర్లో ఇంత తెలిసినవాళ్లున్న ఊరు మనది. అందుకే ఆ పొగ నాకు మరీ కష్టంగా అనిపిస్తుంది.

ఈసారి సెలవులో మా లైనులో ఒక ప్రయత్నం మొదలుపెట్టాం. మా పక్కింటి బాబాయిగారి ఖాళీ స్థలంలో గోడకి ఎడంగా నాలుగు వెదురు కర్రలు పాతి, చుట్టూ ఇనప వల కట్టాం. ఊడ్చిన ఆకు అందులోకి. బాబాయిగారికి ముందు ఒకటే భయం, "పాములొస్తాయమ్మా" అని. కదిలించకుండా ఏళ్లపాటు వదిలేసిన కొమ్మల కుప్పలో పురుగూ పుట్రా చేరడం నిజమే. అందుకని పెద్ద కొమ్మలు వెయ్యకూడదనీ, పదిహేను రోజులకోసారి తిరగెయ్యాలనీ మాట్లాడుకున్నాం. ఆయన ఒప్పుకోవడమే కాదు, గడ్డపార కూడా ఇచ్చారు.

ఇంగ్లండ్ వాతావరణంలో తక్కువయ్యేది వేడి. గుంటూరులో వేడికి లోటు లేదు, లోటంతా తడికే. ఎండాకాలంలో నీళ్లు చల్లకపోతే ఆకు ఎండిపోయి గలగలలాడుతూ అలాగే ఉండిపోతుంది, కుళ్లదు. కాబట్టి పొరపొరకీ పేడ నీళ్లు చల్లి, పైన తడి గోనె సంచి కప్పుతున్నాం. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. మూడు గంపల ఎండాకుకి ఒక గంప పచ్చిది, అంటే కూరగాయల తొక్కలో, పచ్చి గడ్డో, గుళ్లో తీసేసిన పూలో. పూలదండల్లో నైలాన్ దారం ఉంటే ముందే తీసెయ్యాలి. వేప, నిద్రగన్నేరు ఆకు చిన్నది, తొందరగా కుళ్లుతుంది. బాదం, మామిడి ఆకులు మందం కాబట్టి చితక్కొట్టి వేస్తే మేలు. వయ్యారిభామని పూత రాకముందే పీకి వెయ్యొచ్చు, పూసిందాన్ని వెయ్యకూడదు. ఇంటి కుప్ప యార్డు కుప్పంత వేడెక్కదు, ఆ గింజలు చావవు. వానాకాలంలో మాత్రం పైన రేకు వెయ్యాలి, లేకపోతే సారం కారిపోయి కంపు మొదలవుతుంది.

మా ఎదురింటి పిన్నిగారు మిద్దె మీద వంగ, బెండ, గోరుచిక్కుడు పెంచుతారు. తయారైన ఎరువులో సగం ఆవిడకి, మిగతాది వీధి చెట్ల పాదులకి. తిరగేసే పని ఊడ్చే అక్క నెత్తిన పెట్టకూడదని మొదటి రోజే అందరం అనుకున్నాం. ఆ పని ఇళ్లవాళ్లే వంతుల వారీగా చేస్తున్నారు. ఆమె చేతికి రెండు గంపలు, ఒక రేకు పార కొనిచ్చాం. ఆకు ఒక గంపలోకి, కవర్లూ కాగితాలూ రెండో గంపలోకి. మా పెద్దమ్మ వచ్చి చూసి, తమ వీధిలో కూడా వల కట్టించమంది. నా ఉద్యోగం గురించి ఇంకేమీ అనలేదు, "ఎంత వేడెక్కిందే?" అని మాత్రం అడిగింది.

మాతో తేలనిది పెద్ద కొమ్మల సంగతి. వానాకాలం ముందు కరెంటు తీగలకి తగులుతున్నాయని కొమ్మలు కొట్టేసి వెళ్తారు. అవి రోజుల తరబడి రోడ్డు పక్కనే పడి ఉంటాయి. కొంత పొయ్యిలోకి పోతుంది, మిగతాదానికి నిప్పే గతి. కొబ్బరి మట్టలదీ అదే కథ. ఈనెలు తీసి చీపుళ్లు కట్టాక మిగిలిన మట్ట ఏ కుప్పలోనూ తొందరగా కుళ్లదు. దీనికి వీధి స్థాయిలో జవాబు లేదు. కొమ్మల్ని తునకలు చేసే యంత్రం ట్రాక్టరుకి తగిలించి వీధి వీధికీ తిప్పాలి. ఆ తునకలు పార్కుల్లో, డివైడర్ల మొక్కల చుట్టూ పరిస్తే నేల తడి ఆరదు, నీళ్ల ట్యాంకర్ల ఖర్చూ తగ్గుతుంది. మా లైనువాళ్లం సంతకాలు పెట్టి వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చాం. యంత్రం వచ్చేలోపల కనీసం కొమ్మలు కొట్టే తేదీ రెండు రోజుల ముందు చెప్తే, ఆకు దూసి వలలో వేసుకుని, కర్రల్ని ఒక పక్కకి పేర్చి ఉంచుతామని అందులో రాశాం.