ఎండ తెలియని మొలక కోసం

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు గోధుమ తీసుకున్నానంటే మా నాయిన నవ్వాడు. "మన దిక్కు గోధుమ ఎవడేస్తడు రా?" మాది హాలియా దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద. వరి తప్ప వేరే ఊసు లేదు. కానీ 2022 మార్చిలో దేశమంతటా 1901 నుంచి ఎన్నడూ లేనంత ఎండ కాసింది. ఉత్తరాదిన గోధుమ గింజ పాలు పోసుకునే వేళకు దెబ్బతింది, మే నెలలో కేంద్రం ఎగుమతులు ఆపేసింది. అప్పటినుంచి మా గైడ్ మేడంకు గోధుమ మీదే మనసు.

వేడి ఎక్కువైతే మొక్క కణాల్లోని ప్రోటీన్లు ఉడికిన తెల్లసొనలా ముద్ద కడతాయి. అలా కట్టకుండా కాపాడేవి హీట్ షాక్ ప్రోటీన్లు. వాటిలో ఒకటైన హెచ్‌ఎస్‌పీ 101 కట్టిన ముద్దల్ని విడదీస్తుంది. చల్లగా ఉన్నప్పుడు వీటి జన్యువులు దాదాపు నిద్రలో ఉంటాయి, వేడి తగిలితే నిమిషాల్లో లేస్తాయి. 22 డిగ్రీల్లో పెరిగిన మొలకల్నీ, 42లో పెట్టిన మొలకల్నీ పోల్చి ఆ తేడా కొలవాలి. వారం పని అనుకున్నా. పది నెలలు పట్టింది.

మొదటి తంటా ప్రైమర్లు, అంటే కావాల్సిన జన్యువును పట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు. గోధుమ మూడు గడ్డి జాతులు కలిసి పుట్టిన పంట, కాబట్టి చాలా జన్యువులకు ఏ, బీ, డీ అని మూడేసి కాపీలు. ఒకదానికి వల వేస్తే మిగతా రెండూ పడతాయి. నేను రాసిన ప్రైమర్లను మేడం మూడుసార్లు తిప్పి పంపారు.

తర్వాత ద్రవ నత్రజని. ఆకుల్ని అందులో ముంచి, రోట్లో పొడి చేస్తేనే ఆర్‌ఎన్‌ఏ, అంటే లేచిన జన్యువు నుంచి వచ్చే నకలు, చెడదు. కాలేజీలో క్యాన్ ఖాళీ. చివరికి మా మండలంలో గేదెలకు సూదులేసే గోపాలమిత్ర అన్న దగ్గరికి వెళ్లా. వీర్యం గొట్టాలు దాచేది దాంట్లోనే కదా. "గోధుమకు గూడ సూది ఏస్తరా తమ్మీ?" అంటూనే రెండు లీటర్లు వంచి ఇచ్చాడు. అంత చేసినా మొదటిసారి, ఆర్‌ఎన్‌ఏ బాగుందో లేదో చూసే జెల్‌లో కనబడాల్సిన రెండు గీతలకు బదులు మసకే వచ్చింది. చేతి చెమట చాలు, ఆర్‌ఎన్‌ఏను తినేయడానికి. రెండోసారి గ్లౌజులు ఎన్ని మార్చానో లెక్కలేదు.

మే నెలలో ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో హైదరాబాద్ పోయి, ఆ నకళ్లను సైకిల్ సైకిల్‌కూ రెట్టింపు చేస్తూ లెక్కగట్టే మిషన్ మీద పెట్టించాను. వేడి మొలకలకూ చల్లటి మొలకలకూ తేడా లేదు! రెండింటిలోనూ జన్యువు మోగిపోతోంది. రెండు రోజులు బుర్ర పనిచేయలేదు. ఆరా తీస్తే తేలింది: రాత్రి కరెంటు పోతే గదిలో ఏసీ మళ్లీ దానంతటది ఆన్ కాదు. పొద్దున వాచ్‌మన్ వచ్చేదాకా నా "చల్లటి" మొలకలు నల్లగొండ ఉక్కలోనే ఉన్నాయి. అసలు ఈ జన్యువుల కథే ఇలాంటి పొరపాటుతో మొదలైంది. ఇటలీలో రిటోసా అనే ఆయన ఈగల మీద పనిచేస్తుంటే ఎవరో ఇంక్యుబేటర్ వేడి పెంచేశారు. క్రోమోజోముల మీద కొత్త ఉబ్బులు, అంటే జన్యువులు లేచిన గుర్తులు, చూసి, 1962లో అచ్చువేశాడు. ఆయనకు పేరొచ్చింది, నాకు మేడం చేత చీవాట్లు.

డిసెంబరులో మళ్లీ మొదలుపెట్టా. ఈసారి రాత్రిళ్లు ల్యాబ్‌లోనే పడుకున్నా. వేడి మొలకల నకళ్లు మిషన్‌లో ఏడు సైకిళ్లు ముందే కనబడ్డాయి. ఒక్కో సైకిల్‌కు రెట్టింపు చొప్పున దాదాపు 128 రెట్లు. నాకు అంతకన్నా నచ్చింది పక్కన చేసిన చిన్న పని: కొన్ని మొలకల్ని ముందు 37లో గంటన్నర ఉంచి, కాస్త తేరుకోనిచ్చి, అప్పుడు 50కి పంపా. అవి చాలావరకు బతికాయి. నేరుగా 50కి పోయినవి మూడో రోజుకు గడ్డిపోచలే.

ఫోటోలు చూపిస్తే నాయిన ఒక్కటే అడిగాడు. "మరి వరిల తాలు తగ్గుతదా?" తగ్గదన్నాను. మొలక బతకడం వేరు, పూత నిలవడం వేరు. పూత వేళ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి పనిచేయదు, అందుకే ముందు నాటితే మేలని చెప్పా. మరుసటి యాసంగికి నారు పదిహేను రోజులు ముందే పోశాడు. నా మాట విని కాదు, కాలువకు నీళ్లు ముందొదిలారని.