పువ్వుకో చెయ్యి, దెయ్యానికో చెయ్యి

నేను క్రోషియాతో అల్లిన మొదటి దెయ్యం బొమ్మ పొట్టలోంచి దూది బయటికొచ్చింది. తెల్ల ఊలు, తెల్ల దూది కాబట్టి దూరానికి తెలియలేదు. చేతిలోకి తీసుకుంటే కుట్టుకీ కుట్టుకీ మధ్య సందులు, సందుల్లోంచి పోగులు. ఆ రోజు పొద్దుటినుంచీ గులాబీలు అల్లి, అదే హుక్కుతో, అదే చేతివాటంతో దెయ్యం మొదలుపెట్టానని తర్వాత గుర్తొచ్చింది.

క్రోషియాలో పువ్వుకి ఒక చెయ్యి, బొమ్మకి ఒక చెయ్యి కావాలి. రేకు వదులుగా ఉంటేనే అందంగా వంపు తిరుగుతుంది. బొమ్మ బిగువుగా ఉంటేనే దూదిని లోపల పట్టి ఉంచుతుంది. ఇప్పుడు ఊలు ఒకటే అయినా పువ్వులకి 4 మిల్లీమీటర్ల హుక్కు, బొమ్మలకి 2.5 వాడుతున్నాను. రెండూ ఒకే రోజు ముట్టుకోను.

ఇదంతా హాలోవీన్‌కి తలుపు మీద తగిలించే రీత్, అంటే గుండ్రటి పువ్వుల చక్రం కోసం. అడిగింది మా అక్క కూతురు. దెయ్యాలుండాలి, కానీ పువ్వులు ఎక్కువుండాలి అంది. ఆ లెక్క నాకు భలే నచ్చింది. తొమ్మిది గులాబీలు, మూడు దెయ్యాలు, రెండు గబ్బిలాలు, ఒక సాలీడు అనుకున్నాం.

గులాబీకి నేను పాత పద్ధతినే నమ్ముతాను. 1840ల కరువు కాలంలో ఐర్లండ్ ఆడవాళ్లు క్రోషియా లేసు అల్లి ఇల్లు నడుపుకున్నారు. వరస వెనక వరస లేచే ఈ గులాబీ ఆ లేసులోదే. నడిమి రింగు చుట్టూ ఆరు చైన్ లూపులు (గొలుసు కుట్ల ఉచ్చులు) వేసి, ఒక్కో లూపులో ఒక్కో రేకు అల్లాలి. తర్వాత పువ్వుని తిరగేసి, రేకుల వెనక 5 చైన్ల లూపులు కట్టి, వాటిలో ఇంకాస్త పెద్ద రేకులు. ఆ వెనక 7 చైన్లవి. మూడో వరస పూర్తయ్యి పువ్వుని ఇటు తిప్పగానే రేకులన్నీ ఒకదాని మీదొకటి లేచి నిలబడతాయి. ఎన్ని అల్లినా ఆ క్షణం కోసం ఎదురుచూస్తాను.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. బ్రిటిష్ ప్యాటర్న్‌లో డబుల్ క్రోషే అంటే అమెరికన్ లెక్కలో సింగిల్ క్రోషే, పొట్టి కుట్టు. అమెరికన్ డబుల్ దానికంటే పొడుగు కుట్టు. అది చూసుకోక నేను అల్లిన రెండు గులాబీలు రేకులు పొడుగైపోయి వాలిపోయాయి. రెండూ విప్పేసి మళ్లీ అల్లాను.

దెయ్యం అల్లిక తేలికే. మ్యాజిక్ రింగులో (లాగితే బిగిసే ఊలు ఉచ్చులో) 6 కుట్లు, తర్వాత 12, 18, 24, 30. అక్కణ్ణించి పెంచకుండా, తగ్గించకుండా పన్నెండు వరసలు. కింద అంచుకి, అమెరికన్ లెక్కలో, ఒక సింగిల్, రెండు కుట్లు వదిలి మూడోదాంట్లో ఐదు డబుల్స్, మళ్లీ రెండు వదలాలి. 30 కుట్లకి సరిగ్గా ఐదు అలలొస్తాయి, గాలికి ఎగిరే దుప్పటి అంచులాగా. ఇప్పుడు దూది తలలో మాత్రమే పెడతాను.

కష్టమంతా కళ్ల దగ్గర. ఇవి వెనక వాషర్‌తో బిగించే ప్లాస్టిక్ కళ్లు, వాషర్ ఒకసారి నొక్కితే ఆ కన్ను మళ్లీ రాదు. అందుకే ముందు గుండుసూదులు గుచ్చి చూస్తాను. కళ్లు పైకి, దగ్గరదగ్గరగా ఉంటే ముఖం కోపంగా అనిపిస్తుంది. కిందికి దించి ఎడంగా పెడితే పసిపిల్ల ముఖం వస్తుంది. రెండో దెయ్యానికి నోటి కుట్టు కాస్త కిందికి వంగింది. మా పిల్ల దాన్ని ఒళ్లో పెట్టుకుని, "పిన్నీ, ఇది ఎందుకు ఏడుస్తోంది?" అంది. సరిచేద్దామని కత్తెర తీస్తే, "వద్దు, దీన్ని పువ్వుల మధ్యలో పెడదాం" అని చెయ్యి పట్టుకుంది.

గబ్బిలాలకి నల్ల ఊలు. రాత్రి దీపం కింద నల్ల కుట్లు అసలు కనబడవు. ఒళ్లో తెల్ల తువ్వాలు పరుచుకుంటే సందుల్లోంచి తెలుపు కనిపించి కుట్టు దొరుకుతుంది. అయినా రెక్కలు మాత్రం పగలే అల్లాను.

అతికించేటప్పుడు తొందరపడకూడదు. 30 సెంటీమీటర్ల థర్మోకోల్ రింగు మీద వేడి గమ్ గన్ పెడితే ఒకచోట కరిగి గుంట పడింది. దాన్ని కప్పుతూ రింగంతా బూడిదరంగు ఊలు చుట్టి, అన్నిటినీ గుండుసూదులతో గుచ్చి, రెండు రోజులు గోడకి ఆనించి చూశాం. పెద్ద గులాబీలన్నీ ఒక పక్కకి చేరితే రీత్ అటే ఒరిగినట్టుంది. ఎదురుగా గబ్బిలాలు పెట్టాక కుదురుకుంది. ఆ తర్వాతే ఒక్కోటీ సూదీ దారంతో ఊలుకి కుట్టేశాను.

ఏడ్చే దెయ్యం ముదురెరుపు గులాబీ వెనక ఉంది. ఒక కన్ను, సగం నోరు మాత్రమే బయటికి. తలుపు దాటిన ప్రతిసారీ మా పిల్ల ఆగి, చూపుడువేలితో రేకు ఎత్తి, లోపలికి చూసి వెళుతోంది. రేకు మళ్లీ దానంతటదే వాలి దాని ముఖం కప్పేస్తోంది.