తుంపరలో ఎగిరేలా డ్రోన్‌కు లోపల కోటింగ్ వేసిన తీరు: నా అనుభవం

నా డ్రోన్ డీజేఐ కంపెనీ మావిక్ 2 ప్రో. దాని మాన్యువల్ ఈ విషయంలో దాపరికం లేకుండా చెప్తుంది: వాన, హిమపాతం, పొగమంచు ఉంటే ఎగరేయొద్దు, గాలి సెకనుకు 10 మీటర్లు దాటినా ఎగరేయొద్దు. దీనికి ఐపీ రేటింగ్ (దుమ్మును, నీళ్లను ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత) అంటూ ఏదీ లేదు. అదే కంపెనీ మాట్రిస్ 30కి ఐపీ55 ఉంది, ఏ దిక్కు నుంచి నీళ్లు చిమ్మినా తట్టుకుంటుంది. కానీ అది తనిఖీలకు, సహాయక బృందాలకు అమ్మే సరుకు, ధరా ఆ స్థాయిలోనే ఉంటుంది. మన పనులేమో శ్రావణమాసం పెళ్లిళ్లు, నీట మునిగిన వరి మళ్లు. అన్నీ ముసురు పట్టే రోజుల్లోనే తగులుతాయి. పైగా 2022 ఫిబ్రవరి నుంచి తయారైన డ్రోన్ల దిగుమతిని మన దేశంలో నిషేధించారు, విడిభాగాలకు మాత్రం అడ్డు లేదు. ఉన్నది పాడైతే ఇంకోటి తెచ్చుకోవడం తేలిక కాదు కాబట్టి, ఉన్నదాన్నే కాస్త గట్టిపరిచే పని పెట్టుకున్నాను. మూత విప్పితే వారంటీ పోతుందనేవాళ్లకు ఒక మాట: మామూలు వారంటీలో నీళ్ల నష్టం ఎలాగూ ఉండదు.

మొదట అందరిలాగే నేనూ పైనుంచే మూసెయ్యాలని చూశాను. గాలి జాలీలకు టేపు, అతుకులకు స్టిక్కర్ తొడుగు. అది తప్పు దారి. లోపల ఒక చిన్న ఫ్యాను తిరుగుతూ ప్రాసెసర్ వేడిని బయటికి నెడుతుంటుంది. జాలీ మూసి నేల మీద ఆన్ చేసి ఉంచితే పది నిమిషాలు కాకముందే డ్రోన్ ఒళ్లు చెయ్యి పెట్టలేనంత కాలింది. కాబట్టి జాలీలు తెరిచే ఉండాలి. తెరిచి ఉంటే కాస్తో కూస్తో నీళ్లు వస్తాయి. వచ్చిన నీళ్లు సర్క్యూట్ బోర్డును తినెయ్యకుండా చూసుకోవడమే మనం చెయ్యగలిగిన పని.

ఎలా తింటాయో తెలిస్తే ఎక్కడ కోటింగ్ వెయ్యాలో తెలుస్తుంది. చుక్క పడగానే అన్నిసార్లూ షార్ట్ కాదు. దుమ్మూ లవణాలూ కలిసిన నీళ్లు బోర్డు మీది రెండు రాగి గీతల మధ్య నిలిచి, వాటి మధ్య బ్యాటరీ వోల్టేజి ఉంటే (ఇక్కడ 15.4 వోల్టులు) ప్లస్ వైపున్న రాగి కరగడం మొదలవుతుంది. పాత ఇత్తడి చెంబుకు పట్టే పచ్చటి చిలుమే బోర్డు మీదా పడుతుంది. ఆ రోజు బాగానే ఎగిరిన డ్రోన్ వారం తర్వాత గాల్లో మోటారు ఆగి పడిపోయేది ఇందుకే. అంటే ముందు కాపాడాల్సింది బ్యాటరీ వోల్టేజి నేరుగా చేరే చోట్లని: బ్యాటరీ కనెక్టరు వెనకాల, మోటార్లను నడిపే ఈఎస్‌సీలు, మోటారు తీగలు అతికిన 12 టంకాలు.

సామాను పెద్దగా ఏం లేదు. ఎంజీ కెమికల్స్ వాళ్ల 422బీ సిలికాన్ కన్ఫార్మల్ కోటింగ్ (బోర్డు మీద పల్చటి రక్షణ పొరలా ఆరే ద్రవం), 55 మిల్లీలీటర్ల సీసా. మొత్తం పనికి అందులో ఐదో వంతు కూడా ఖర్చు కాలేదు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మెడికల్ షాపులో దొరికే 70 శాతంది వద్దు, మిగతా 30 నీళ్లే. సన్నటి కుంచెలు రెండు, మెత్తటి పాత టూత్‌బ్రష్, వేడికి తట్టుకునే క్యాప్టాన్ టేపు, 365 నానోమీటర్ల యూవీ టార్చి, సన్న స్క్రూడ్రైవర్ల సెట్టు. హైదరాబాద్‌లో అయితే కోఠి, అబిడ్స్ వైపు మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే దుకాణాల్లో కోటింగ్ తప్ప మిగతావన్నీ దొరుకుతాయి. యాక్రిలిక్ కోటింగ్ చవక, రేపు రిపేరుకు గీకడం కూడా సులువు. అయినా వేడెక్కి చల్లారే బోర్డులకు సిలికానే నయమని నా అభిప్రాయం, సాగుతుంది కాబట్టి పగలదు.

స్క్రూలు ఒకే పొడవు ఉండవు. చిన్నది ఉండాల్సిన చోట పెద్దది బిగిస్తే కింద బోర్డుకే దిగుతుంది. అట్టముక్క మీద డ్రోన్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడ ఊడిందో అక్కడే గుచ్చాను. పై మూత కింద జీపీఎస్ పలక ఉంటుంది, దాని తీగ సన్నం, మూతను ఒక్క గుంజు గుంజితే తెగుతుంది. ప్రాసెసర్ బోర్డును వేడి పీల్చే లోహపు పలక నుంచి ఊడదీయలేదు. ఊడదీస్తే థర్మల్ పేస్టు మళ్లీ పెట్టాలి, ప్యాడ్ మందం తేడా వస్తే పలక చిప్‌కు ఆనదు. అందినంత మేర అంచులకే పూసి వదిలేశాను.

తర్వాత కడగడం. ఆల్కహాల్‌లో ముంచిన బ్రష్‌తో టంకాల చుట్టూ రుద్ది, నూలు రాలని గుడ్డతో అద్ది, మళ్లీ ఒకసారి. వేలిముద్రల జిడ్డు, టంకం ఫ్లక్స్ మిగిలితే కోటింగ్ అక్కడ పొక్కులా లేస్తుంది, ఆ పొక్కు కిందే చెమ్మ చేరుతుంది. కడిగాక రెండు గంటలు ఫ్యాను కింద ఆరనిచ్చాను.

టేపు వెయ్యాల్సిన చోట్లకే అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది. రిబ్బన్ తీగల కనెక్టర్లు, యాంటెన్నా తీగల బుల్లి గుండ్రటి కనెక్టర్లు, మెమరీ కార్డు స్లాటు, యూఎస్‌బీ, బ్యాటరీ పళ్లు, ఫ్యాను, కెమెరా కళ్లు, వీటిలో వేటికీ కోటింగ్ తగలకూడదు. రిబ్బన్ కనెక్టరులోకి ఒక్క చుక్క పాకినా పిన్నుల మధ్య పొర కడుతుంది, తర్వాత వీడియో రాదు. ఐఎంయూ (డ్రోన్ వంపును, కదలికను కొలిచే సెన్సరు) కూర్చున్న మెత్తటి రబ్బరు దిమ్మల జోలికి పోకూడదు, అవి బిగుసుకుంటే వణుకు నేరుగా సెన్సరుకు చేరుతుంది.

ఇక బారోమీటరు. బియ్యపు గింజ కన్నా కాస్త పెద్ద లోహపు డబ్బా, పైన సూదిబెజ్జం, ఆ బెజ్జం మీద నురగ ముక్క. డ్రోన్ తన ఎత్తు తెలుసుకునేది ఆ బెజ్జంలోంచి దూరే గాలి ఒత్తిడిని బట్టే. ఒక్క హెక్టోపాస్కల్ తేడా వస్తే ఎత్తులో ఎనిమిది మీటర్లకు పైగా లెక్క తప్పుతుంది. బెజ్జం పూడిపోతే లోపల చిక్కుకున్న గాలి వేడికి వ్యాకోచిస్తూ ఉంటుంది, డ్రోన్ తను పైకో కిందికో పోతున్నాననుకుని దిద్దుకోబోయి కదిలిపోతుంది. నురగ తియ్యకుండా, దాని చుట్టూ 5 మిల్లీమీటర్ల ఎడం వదిలి టేపు అంటించాను. నురగే కోటింగ్ పీల్చుకుంటే కథ అక్కడితో సరి.

పూత పల్చగా రెండుసార్లు, మొదటిది అడ్డంగా, గంట ఆగి రెండోది నిలువుగా. ఒకేసారి మందంగా పోస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది, బుడగలూ మిగులుతాయి. చిప్‌ల మీదున్న లోహపు రేకు డబ్బాల కిందికి కుంచె వెళ్లదు. అందుకని డబ్బా అంచు బోర్డును తాకే గీత వెంబడి కుంచెను నెమ్మదిగా లాగాలి. కోటింగ్‌లోని ద్రావకం కొన్ని ప్లాస్టిక్కుల మీద పడితే సన్నటి బీటలు వస్తాయి, అది డ్రోన్ ఒంటికి అంటకుండా చూసుకోవాలి. కిటికీలు తీసే పని చెయ్యాలి, వాసన తల పట్టేస్తుంది. పూత అయ్యాక గది దీపాలార్పి యూవీ టార్చి వేస్తే కోటింగ్ ఉన్నచోటల్లా నీలంగా మెరుస్తుంది, లేనిచోట నల్లగా కనబడుతుంది. నాకు నాలుగు టంకాల వెనక వైపు నల్లగా కనబడ్డాయి. పైనుంచి చూస్తే అన్నీ తడిగానే ఉన్నాయి మరి! అవి దిద్ది, 24 గంటలు కదపలేదు.

మోటారు తీగలు డ్రోన్ చేతుల్లోంచి ఒంట్లోకి వచ్చే కంతలకు సిలికాన్ సీలెంటు కొంచెం పెట్టొచ్చు. కానీ మూత తియ్యగానే వెనిగర్ వాసన కొట్టే ట్యూబు వద్దు. గాజు తొట్లకూ, బాత్రూం అతుకులకూ వాడేది చాలావరకు అదే. ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, అది రాగిని తింటుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే కావాలి. హాట్ గ్లూ గన్ను వాడొద్దు, ఎండలో ఆ జిగురు మెత్తబడుతుంది.

మోటార్లకు ఏమీ పుయ్యలేదు. చుట్టల తీగకు ఎనామిల్ ఉంటుంది, నీళ్లు తగిలినా నడుస్తుంది. చెడేది బేరింగు. తడిసి ఆరాక ఒక సన్న నూనె బొట్టు వేస్తాను, తిప్పితే ఇసుక నలిగినట్టు గరగర వినబడితే మోటారు మార్చడమే. సూర్యలంక, భీమిలి లాంటి చోట కెరటాల తుంపర ఉంటే ఈ కోటింగ్ నమ్ముకుని కూడా ఎగరెయ్యను, ఉప్పు విషయం వేరు.

బ్యాటరీ విప్పకూడదు, అంతే. మావిక్ 2 బ్యాటరీకి బటన్ పైనే, వాన పడే వైపే ఉంటుంది. దాని మీద పారదర్శకమైన టేపు ముక్క అంటిస్తే పైనుంచే నొక్కొచ్చు. బ్యాటరీకీ ఒంటికీ మధ్య గాడి మీద ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు. కనెక్టరు ప్లాస్టిక్ అంచు చుట్టూ డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) అగ్గిపుల్ల తలంత.

గింబల్‌ను, అంటే కెమెరాను వణక్కుండా పట్టుకునే భాగాన్ని, కాపాడటం మాత్రం మన వల్ల కాదు. దాని మోటార్లు గ్రాముల లెక్కన పనిచేస్తాయి, తొడుగు వేస్తే ఓవర్‌లోడ్ హెచ్చరిక వస్తుంది. లెన్సు మీద ఆ మోడల్ ఫిల్టరు ఒక్కటే, ఆ ఫిల్టరు గాజుకు కారు అద్దాలకు పూసే నీళ్లు జారే ద్రవం. లెన్సుకు నేరుగా ఎప్పుడూ వద్దు.

బిగించాక కంపాస్, ఐఎంయూ రెండూ కాలిబ్రేట్ చేశాను. పరీక్షకు రెక్కలు ఊడదీసి, డ్రోన్ ఆన్ చేసి, ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాతో పైనుంచి రెండు నిమిషాలు కొట్టాను. ఆపి, బ్యాటరీ తీసి, మూత విప్పి, టిష్యూ కాగితం అద్ది చూస్తే వెనక జాలీ పక్కన మూడు చుక్కలు, బ్యాటరీ అరలో ఒక తడి చార. బోర్డు మీద చుక్క గుండ్రంగా నిలబడి, వంచితే జారిపోయింది, తామరాకు మీద నీటిబొట్టులా.

ఎగరేసేటప్పుడు అసలు నీళ్లు పైనుంచి రావు, కిందనుంచి వస్తాయి! రెక్కల గాలి తడి గడ్డిని, గుంటలో నీళ్లను లేపి పొట్టకు కొడుతుంది. కూరగాయల ప్లాస్టిక్ క్రేటు బోర్లించి, దాని మీద పలక పెట్టి అక్కడినుంచి లేపుతాను, అక్కడే దింపుతాను. కారు టాప్ మీద వద్దు, ఇనుము కంపాస్‌ను తికమక పెడుతుంది. ముందరి సెన్సర్ల మీద చుక్క పడితే లేని గోడ కనబడి డ్రోన్ ఆగిపోతుంది, కాబట్టి ఖాళీ మైదానంలో అడ్డంకుల గుర్తింపు ఆపేస్తాను. మెరిసే తడి నేలను కింది సెన్సర్లు సరిగా చదవలేవు, దించేటప్పుడు స్టిక్ మీద చెయ్యి తీయకూడదు. మావిక్ 2 కంపెనీ లెక్కన 31 నిమిషాలు ఎగురుతుంది. తుంపరలో నేను 8 నిమిషాలకే దించేస్తాను, ధార కట్టిన వానలో అసలు లేపను. లంబసింగి తరహా పొగమంచుకు కూడా దూరమే, కనబడనంత సన్నటి బిందువుల్ని ఫ్యాను తిన్నగా లోపలికి లాగుతుంది, డ్రోన్ కూడా కంటికి ఆనదు. ఏసీ కారులోంచి తీయగానే లెన్సుకు ఆవిరి పడుతుంది, అందుకే సంచి తెరిచి పావుగంట బయట ఉంచాకే ఆన్ చెయ్యాలి.

బరువు విషయం మినీ సైజు వాళ్లు చూసుకోవాలి. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం నానో తరగతి 250 గ్రాముల వరకే. 249 గ్రాముల దానికి కోటింగ్, టేపు కలిసి రెండు మూడు గ్రాములు పెరిగితే అది మైక్రో అయిపోతుంది. మావిక్ 2 ప్రో 907 గ్రాములు, దాని తరగతి మారదు.

దిగాక వరస ఇది: ముందు బ్యాటరీ తీయాలి, వీడియో చూసుకోవడం తర్వాత. గుడ్డతో అద్ది, ముక్కు కిందికి వంచి జాలీల్లోంచి నీళ్లు దిగనిచ్చి, రెండు గంటలు ఫ్యాను గాలి. ఆ పైన బిగుతు మూత డబ్బాలో పావుకిలో సిలికా జెల్‌తో ఒక రోజు. బియ్యంలో పెట్టకండి, తవుడు దుమ్ము జాలీల్లోకి పోతుంది. నారింజ రంగు జెల్ రంగు మారితే వేడి చేసి మళ్లీ వాడొచ్చు, కానీ వంటగిన్నెలో మాత్రం వద్దు. మళ్లీ బ్యాటరీ పెట్టేముందు టార్చి వేసి పళ్లు చూస్తాను. ఏ ఒక్క పంటి మీదైనా పచ్చదనం ఉంటే ఆ రోజు ఎగరడం లేదు, మూత విప్పాల్సిందే.