జీడీఎం నుంచి లైట్‌డీఎంకు: లాగిన్ తెర దాటడానికి ఒక రాత్రి

నిన్న రాత్రి పదకొండు దాటాక గానీ మా ఇంటి పాత ల్యాప్‌టాప్ దారికి రాలేదు. వివరాలు మరిచిపోకముందే రాసిపెడుతున్నాను.

దానికి ఉన్నది 4 జీబీ ర్యామ్. డెబియన్ 12 అనే లినక్స్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్ బరువుగా నడుస్తుండడంతో, తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌కి మారాను. అయినా లాగిన్ తెర మాత్రం, దాన్ని చూపే గ్నోమ్ ప్రోగ్రామ్ జీడీఎందే మిగిలింది. ఆ ఒక్క తెర చూపడానికి జీడీఎం, గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ప్రధాన భాగమైన గ్నోమ్ షెల్‌నే నడుపుతుంది కనుక, తేలిక కోసం డెస్క్‌టాప్ మార్చుకున్నవాడు దాన్ని అట్టిపెట్టుకోవడంలో అర్థం లేదు. అలాంటిదే మరో లాగిన్ ప్రోగ్రామ్ ఎస్‌డీడీఎం, క్యూటీ అనే సాఫ్ట్‌వేర్ సాధనాల మీద ఆధారపడినది. కేడీఈ డెస్క్‌టాప్ వాడేవారికి అది బాగా నప్పుతుంది. మరో లినక్స్ అయిన ఉబుంటు తన 11.10 వెర్షన్ నుంచి 17.10లో జీడీఎంకు తిరిగి వెళ్ళేదాకా వాడిన లాగిన్ ప్రోగ్రామ్ లైట్‌డీఎం నాకు అప్పటినుంచీ అలవాటే కనుక దాన్నే ఎంచుకున్నాను.

ఇన్‌స్టాల్ చేయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఏది డిఫాల్ట్‌గా ఉండాలో అదే అడిగింది. చెప్పి రీబూట్ చేశాను.

కష్టం అక్కడ మొదలైంది. పాస్‌వర్డ్ కొట్టగానే తెర ఒక్క క్షణం నల్లబడి, మళ్ళీ అదే లాగిన్ తెర వచ్చేది. మర్నాడు మా పెద్దమ్మాయి ప్రాజెక్టు సమర్పించాలి, అది అందులోనే ఉంది. మా బావమరిది పిల్లలందరి ముందూ, "బావా, నువ్వు పాస్‌వర్డ్ మరిచిపోయి ఉంటావు" అన్నాడు. ఆ మాటకు నొచ్చుకుని, తప్పు నాదేనేమోనన్న అనుమానంతో పాస్‌వర్డ్‌ను రెండుసార్లు మార్చాను కూడా. రిపేరు దుకాణానికి ఫోన్ చేస్తే, "మొత్తం ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అన్నారు. ఏ జబ్బుకైనా అదే మందు చెప్పేవారి చేతికి యంత్రం ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

నిజానికి పాస్‌వర్డ్ తప్పయితే లైట్‌డీఎం తప్పని చెబుతుంది. ఏ మాటా లేకుండా వెనక్కి తెచ్చిందంటే, పాస్‌వర్డ్ సరిపోయింది, ఆ తరువాత డెస్క్‌టాప్ సెషన్ మొదలుకాలేదు అని అర్థం. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి, అక్షరాల తెరలో అదే పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్ళగలిగినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. సిస్టమ్ లాగ్‌లు చూపే జర్నల్‌సీటీఎల్ ఆదేశంతో లైట్‌డీఎం లాగ్ తెరిస్తే, నా హోమ్ ఫోల్డర్‌లోని ఎక్స్అథారిటీ ఫైలులో రాయడానికి అనుమతి లేదని స్పష్టంగా ఉంది. పేరు ముందు చుక్క ఉండడం వల్ల మామూలుగా కనిపించని ఆ ఫైలును ఎల్ఎస్ ఆదేశంతో వివరంగా చూస్తే, యజమాని స్థానంలో నా పేరు లేదు, రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) అని ఉంది. తేదీ 2018 నాటిది.

అప్పుడు గుర్తొచ్చింది. ఉబుంటు 18.04 వాడే రోజుల్లో తెర రాకపోతే ఎవరో చెప్పారని రూట్ అధికారాలిచ్చే సుడోతో, గ్రాఫికల్ తెరను మొదలుపెట్టే స్టార్ట్‌ఎక్స్ ఆదేశాన్ని నడిపాను. రూట్ పేరుతో ఆ ఫైలు పుట్టింది అప్పుడే. తరువాత డెబియన్ వేసినా, నా ఫైళ్ళుండే హోమ్ పార్టిషన్ పాతదే ఉంచాను. తెర మీద బొమ్మను చూపే ఎక్స్ సర్వర్‌తో మాట్లాడడానికి కావలసిన రహస్య సంకేతాన్ని జీడీఎం వేరేచోట, రన్ డైరెక్టరీలో పెట్టుకుంటుంది కాబట్టి ఇన్నేళ్ళూ ఆ ఫైలు జోలికే పోలేదు. లైట్‌డీఎం మాత్రం నేరుగా హోమ్ ఫోల్డర్‌లోనే రాస్తుంది. జీడీఎంతో పనిచేసింది లైట్‌డీఎంతో ఎందుకు పనిచేయలేదో అప్పటికి బోధపడింది. ఫోల్డర్ నాదే కనుక సుడో అవసరం లేకుండానే ఆ ఫైలు పేరు మార్చి, లైట్‌డీఎంను మళ్ళీ మొదలుపెట్టగానే డెస్క్‌టాప్ వచ్చింది. గ్రాఫికల్ తెరను ఎన్నడూ సుడోతో నడపకండి.

మిగిలినవి చిన్న సర్దుబాట్లే. డెబియన్‌లో లైట్‌డీఎం వాడుకరుల జాబితాను దాచి ఉంచుతుంది. ఇంట్లో నలుగురం వాడతాం కనుక, లైట్‌డీఎం కాన్ఫ్ డైరెక్టరీలో విడిగా ఒక ఫైలు పెట్టి, సీట్ విభాగం కింద గ్రీటర్-హైడ్-యూజర్స్ విలువను ఫాల్స్ చేశాను. తెర వెనుక మా ఊరి చెరువు ఫొటో పెడితే మొదట రాలేదు. నా హోమ్ ఫోల్డర్‌ను ఇతరులు చదవలేరు, లైట్‌డీఎం కూడా ఇతరుల కిందే లెక్క. ఫొటోను బ్యాక్‌గ్రౌండ్స్ డైరెక్టరీలోకి కాపీ చేశాక కనిపించింది. పొద్దున అమ్మాయి తన పేరు మీద నొక్కి లోపలికి వెళ్ళి ప్రాజెక్టు పంపించింది.