క్లిక్ మనలేదు

షట్టర్ నొక్కాను. చప్పుడు లేదు. ఎదురుగా ముప్పై అడుగుల దూరంలో కృష్ణజింక!

ఐఐటీ మద్రాస్ క్యాంపస్‌లో, పొద్దున్న ఆరున్నరకి. నల్లటి వీపు రాత్రి వానకి తడిసి మెరుస్తోంది. మెలికలు తిరిగిన కొమ్ముకి ఒక పచ్చి గడ్డిపరక వేలాడుతోంది. నా వైపే చూస్తోంది.

రెండు గీతలు చూపిస్తూనే బ్యాటరీ ఆగిపోయింది. తీసి, చొక్కాకి తుడిచి మళ్లీ పెట్టేలోపు రెండే గెంతులు, పొదల్లోకి మాయం.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న బ్యాటరీ. పోయిన నెలే రెండుసార్లు మొరాయించింది. అప్పుడే మార్చాల్సింది. పొద్దుట్నుంచీ అదే బాధ.

మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. నేను మొదటిసారి చూసింది మాత్రం ఇక్కడ, చెన్నైలో.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసి "ఫొటో ఏదిరా?" అంది. ఆ గడ్డిపరక గురించి చెప్పాను.