ఐదు మార్ల అన్నం

నాకు యాభై రెండేళ్ల వయసులో మధుమేహం ఉన్నట్లు తేలింది. రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 8.4 శాతం వచ్చింది, 6.5 గాని, అంతకు మించి గాని ఉంటే మధుమేహం కిందే లెక్క. మాత్రలు రాసిన డాక్టరుగారు "అన్నం తగ్గించండమ్మా" అన్నారే తప్ప, తెనాలిలో పుట్టి పెరిగిన మనిషి మధ్యాహ్నం పూట అన్నం తగ్గించి ఏం తినాలో చెప్పే తీరిక ఆయనకు లేకపోయింది.

చిన్న తూకం ఒకటి కొని వంటగదిలో పెట్టుకున్నాను. పప్పుతో ఒకసారి, కూరతో మరోసారి, పచ్చడితో రెండు ముద్దలు, ఆపైన పులుసో చారో, చివరకు పెరుగు, ఇలా ప్రతి పదార్థానికీ విడిగా అన్నం కలుపుకోవడం మా భోజనం వరస. ఏ మారుకా మారు కొంచెమే అనిపించే ఆ అన్నమంతా తూచి చూస్తే 420 గ్రాములు ఉంది. వంద గ్రాముల తెల్లన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది కనుక, ఒక్క పూటలోనే 118 గ్రాముల దాకా లోపలికి వెళుతున్నదన్నమాట. ఆ రోజు భోజనం చేసిన రెండు గంటలకు, అప్పటికప్పుడు రక్తంలో ఉన్న చక్కెరను కొలిచే గ్లూకోమీటరు 248 చూపింది.

అందరిలాగే నేనూ ముందు బియ్యం మార్చాను. సాంబ మసూరి మానేసి, గ్లైసీమిక్ సూచిక, అంటే తిన్నది రక్తంలో చక్కెరను ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే అంకె, తక్కువని పేరున్న తెలంగాణ సోన బియ్యం వండుకున్నాను. అంకె 221కి దిగింది గాని, అన్నం మాత్రం అదే 420 గ్రాములు. రాగి సంకటి మంచిదని ఎవరో చెబితే అదీ చేసి చూశాను. అందులోనూ బియ్యం నూకలు పడతాయి, పిండి మెత్తనిది, పైగా పెద్ద ముద్ద, కాబట్టి నాకు ఒరిగిందేమీ లేదు.

అప్పుడు వరసనే తిరగేశాను. ముందు ఒక గిన్నె పప్పు, రెండు గరిటెల కూర ఉత్తగానే తిని, ఆ తరువాత 150 గ్రాముల అన్నంలో పులుసు కలుపుకోవాలని నిశ్చయించుకున్నాను. మొదటి రోజే చిక్కు వచ్చింది. గోంగూర పప్పును ఉత్తగా నోట్లో పెట్టుకోలేకపోయాను. మన ఉప్పు, పులుపు, కారం అన్నీ అన్నంలో కలుస్తాయన్న లెక్కతో పడేవే! అందుకని ఉప్పు, కారం దాదాపు సగానికి తగ్గించి, గుప్పెడు గోంగూరకు రెండు గుప్పెళ్ల తోటకూర చేర్చి, కందిపప్పు కాస్త పలుకుగా ఉండగానే దింపడం అలవాటు చేసుకున్నాను. సొరకాయ పులుసులో బెల్లం మానేసి, ఆ తీపి కోసం ఉల్లిపాయలు ఎక్కువ వేశాను. చిక్కదనానికి బియ్యప్పిండి బదులు శనగపిండి కలిపాను. దొండకాయ ముక్కల్ని ఆవిరి మీద ఉడికించి, రెండు చెంచాల నూనెలో పోపు పెట్టి, పైన వేయించిన పల్లీల పొడి చల్లితే వేపుడు లేని లోటు చాలావరకు తీరింది. చాలావరకే, పూర్తిగా కాదు.

అన్నిటికన్నా కష్టమైనది పెరుగన్నం. "పెరుగన్నం తినకుండా లేస్తావేమిటే అమ్మాయ్" అని మా అత్తయ్యగారు నెల రోజులు నొచ్చుకున్నారు. చివరకు పెరుగులో కీరదోస ముక్కలు వేసి, ఆవాలు, కరివేపాకు పోపు పెట్టి, ఆవిడ ఎదుటే గిన్నెడు తినడం మొదలుపెట్టాను.

ఈ మార్పు మొదలైన పదో రోజున, సాయంత్రం ఐదింటికి చేతులు వణికి, ఒళ్లంతా చెమటలు పట్టాయి. చక్కెర మరీ పడిపోయి మీటరు 62 చూపింది. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకున్నాను. తప్పు నాదే. అన్నం సగానికి పైగా తగ్గించిన సంగతి డాక్టరుగారికి చెప్పకుండా పాత మోతాదులోనే మాత్రలు వేసుకుంటున్నాను. విన్న వెంటనే ఆయన చక్కెరను తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర మోతాదు తగ్గించారు.

ఆ తరువాత భోజనమైన రెండు గంటలకు అంకె సాధారణంగా 160, 170 మధ్య ఉంటున్నది. ఆరు నెలలకు హెచ్‌బీఏ1సీ 7.0కి వచ్చింది. ఇంట్లో ఇబ్బంది లేదు గాని, పెళ్లి విందుల్లో మాత్రం పప్పు నా విస్తరిలోకి వచ్చేలోగానే అన్నం హస్తం వచ్చేస్తుంది. అందుకే ఇప్పుడు కూర్చుంటూనే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, వడ్డించే అబ్బాయిని ముందు పప్పు గిన్నె తెమ్మంటున్నాను.